మెత్తగా నూరిన గోలి

ఆ రోజు అన్నం గుండిగ వంచి గంజి వారుస్తున్నాను. నడుములో ఏదో పటుక్కుమంది. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు, అంతే. గుండిగ మాత్రం వదల్లేదు. వదిలితే మధ్యాహ్నం బేరమంతా మోరీలో పోతుంది మరి. నెమ్మదిగా దించి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఊపిరి పీలిస్తే నొప్పి, వదిలితే నొప్పి.

నేనూ రమణీ కలిసి కొండాపూర్‌లో ఒక సందులో కర్రీ పాయింట్ నడుపుతాం. ఆమెది భీమవరం వైపు. నేను పుట్టిందీ మెట్టిందీ నార్సింగే. పులుసులు, పచ్చళ్లు ఆమెవి, పప్పు, వేపుళ్లు నావి. ఐటీ కంపెనీల పిల్లలు మెడలో కార్డులు ఊగుతుండగానే వచ్చి కవర్లు పట్టుకుపోతారు. ఏళ్ల తరబడి ఒకే పొయ్యి దగ్గర చెమటోడుస్తున్నా రమణి నన్ను 'సరితగారూ' అనే పిలుస్తుంది. ఆ రోజు కూడా పులుసు కలియబెడుతూనే, "నడుం పట్టేసి ఉంటుందండి సరితగారూ, కాస్త వేడినీళ్లు పోసుకోండి, అదే సర్దుకుంటుంది" అంది.

సర్దుకోలేదు. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన నొప్పి గోలీలు మింగాను. నడుముకి బెల్టు కట్టాను. మా అత్తమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, "డిస్క్ ప్రాబ్లమ్ అయి ఉంటుంది, బెడ్ రెస్ట్ తీసుకోండి" అన్నాడు. మాలాంటి వాళ్లకి బెడ్ రెస్ట్ అంటే షట్టర్‌కి కూడా రెస్టే. మళ్లీ పొయ్యి దగ్గరికే పోయాను. ఈలోగా మెట్టెక్కితే ఆయాసం, మొహం పాలిపోవడం, ఏమీ తినకుండానే కడుపు నిండిపోయినట్టుండడం మొదలైంది. రక్తం తక్కువగా ఉందని తేలాక ఎం.ఆర్.ఐ. రాశారు. అందులో వెన్నుపూసలు రెండు నలిగిపోయి కనబడ్డాయి.

"మీ వయసుకి ఎముకలు ఇలా నలగకూడదమ్మా. హెమటాలజిస్ట్‌ని కలవండి" అన్నాడు అదే డాక్టర్. ఈసారి అతని గొంతు మారింది. అప్పుడే నాకు సగం అర్థమైంది.

తుంటి ఎముకలోంచి బోన్ మ్యారో తీశారు. మల్టిపుల్ మైలోమా అన్నారు. పేరు వినడానికి బాగానే ఉంది, ఏ ఆడపిల్లకైనా పెట్టుకోవచ్చు అనుకున్నాను. మా ఆయన మల్లేష్ మాత్రం కుర్చీలో కూలబడిపోయాడు. ఆయన ఐటీ కంపెనీల ఉద్యోగుల్ని ఇళ్ల దగ్గర దింపే క్యాబ్ నడుపుతాడు. ట్రాఫిక్‌లో ఎవరు అడ్డొచ్చినా నోరు చేసుకునే మనిషి ఆ రోజు నా రిపోర్టుల కవరు మడతలు పెడుతూ కూర్చున్నాడు. "ఇది బ్లడ్ క్యాన్సర్ లాంటిది, కానీ కంట్రోల్‌లో పెట్టగలం" అని డాక్టర్ చెప్పిన దాంట్లో ఆయనకి మొదటి సగమే వినబడింది.

వారం వారం పొట్టలో ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ టాబ్లెట్లు మొదలుపెట్టారు. జబ్బు సంగతి తర్వాత, నన్ను తినేసింది నొప్పి. పక్కకి తిరగాలంటే దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకునేదాన్ని. తుమ్ము వస్తుందంటే భయం. రమణి చూడ్డానికి వచ్చి నవ్వించబోతే, "నవ్వియ్యకు రమణీ, నీకు దండం పెడత" అని ఏడ్చాను. నొప్పి మనిషిని మంచిదాన్ని చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను మా ఇంట్లో వాళ్లందరినీ కుక్కలా కరిచాను. ముందిచ్చిన మందులు ఏ మూలకీ సరిపోలేదు. చివరికి పెయిన్ క్లినిక్‌కి పంపారు.

అక్కడి డాక్టరమ్మ, "నొప్పి పదికి ఎంత ఉంది?" అని అడిగింది.

"పదిలోపలే చెప్పాలా మేడం?" అన్నాను.

ఆమె నవ్వలేదు. కిడ్నీ రిపోర్టులు చూసి మార్ఫిన్ రాసింది. ఆ పేరు వినగానే మల్లేష్ లేచి నిలబడ్డాడు.

"అది మత్తు మందు గద మేడం? అలవాటైతె ఎట్ల? పోలీసోళ్లతోని పరేషాన్ గిట్ల కాదు గద?"

"డాక్టర్ రాసి, డాక్టర్ చూస్తూ వాడితే ఇది నొప్పి మందు" అని ఆమె కూర్చోబెట్టి చెప్పింది. "ఇది ఎస్.ఆర్. టాబ్లెట్. లోపలున్న మందు ఒక్కసారిగా బయటికి రాదు. కొంచెం కొంచెంగా, పూట పొడుగునా వస్తుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నీళ్లతో మొత్తంగా మింగాలి. నమలకండి, విరవకండి. నిద్రమాత్రలు, మద్యం దగ్గరికి రానీయకండి. మధ్యలో నొప్పి పొడిస్తే వేసుకోవడానికి తొందరగా పనిచేసే మాత్ర వేరే ఇస్తున్నాను, దీన్నీ దాన్నీ కలిపేసుకోకండి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది, అందుకే ఈ సిరప్ మొదటి రోజు నుంచే తాగాలి." ఆ చివరి మాటకి మల్లేష్ గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు.

అత్తమ్మ అప్పుడు బయట వరండాలో టిఫిన్ సంచి ఒళ్లో పెట్టుకుని ఉంది. లోపలికి ఇద్దర్నే రానిస్తామన్నారు. ఇంటికి వెళ్లాక మల్లేష్ ఆమెకి చెప్పింది ఒక్క ముక్కే. "టైముకు ఎయ్యాలంట అమ్మా, మర్వొద్దంట."

మొదట్లో గోలీ బాగా పనిచేసింది. రెండు మూడు రోజులు మగతగా ఉండి, తర్వాత అదీ తగ్గింది. గోడకి ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీశాను. పక్కింటి వాళ్ల పెళ్లి కబుర్లు విన్నాను. నొప్పి పోలేదు, పక్క గదిలోకి వెళ్లి కూర్చుంది. తలుపు తీసే ఉంది గానీ, మీద పడట్లేదు. అదే మహాభాగ్యం అనిపించింది. కొన్నాళ్లకి సరిపోవట్లేదంటే డాక్టరమ్మ డోసు పెంచింది.

అప్పుడే స్టెరాయిడ్ వల్ల నోరంతా తెల్లటి పూత వచ్చింది. గొంతులోకి మంచినీళ్లు దిగినా గాజుపెంకులు దిగినట్టే. అన్నం మానేశాను, నీళ్లు మానేశాను. ఒక రోజు సాయంత్రం గోలీ గొంతులో అడ్డం పడి వాంతిలో బయటికి వచ్చేసింది. తెల్లారేసరికి పక్కలో కదల్లేకపోయాను. మల్లేష్ డ్యూటీకి పోయాడు. నేను అమ్మో, అయ్యో అంటుంటే అత్తమ్మ వంటింట్లోంచి తొంగి చూసి వెళ్లిపోయింది. కాసేపటికి కల్వంలో నూరుతున్న చప్పుడు వినబడింది.

ఆ కల్వం గురించి చెప్పాలి. నల్లరాతిది, పడవ ఆకారంలో ఉంటుంది. అత్తమ్మ తండ్రి చుట్టుపక్కల ఊళ్లకి నాటు వైద్యం చేసేవాడు. ఆయన పోయాక ఆమె తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా పిల్లలకి చిన్నప్పుడు వస కొమ్ము రంగరించినా, నాకు జలుబు చేసి శొంఠి నూరినా అందులోనే. మా ఇంట్లో మందు అంటే అత్తమ్మ చేత్తో, ఆ కల్వంలో నలిగి, తేనెలో కలిసి నోట్లోకి రావాలి. గోలీ అయినా సరే. పిల్లల జ్వరం గోలీలు కూడా అట్లాగే వేసి పెంచింది.

ఆమె చెంచాతో వచ్చింది. "నోరు తెరు బిడ్డా."

"ఏందత్తమ్మా గిది?"

"నీ గోలే. గొంతు పుండయి ఉంటె గట్లనే మింగుమంటె ఎట్ల మింగుతవ్? మింగినా ఎప్పుడు కరగాలె, ఎప్పుడు పనిచేయాలె? మెత్తగ నూరి తేనెల రంగరించిన. నిన్న మాపటి గోలి కక్కినవ్ గద, దాని బదులు ఇంకోటి గూడ కలిపిన."

డాక్టరమ్మ ఏదో అన్నదని లీలగా గుర్తొచ్చింది. "నమలొద్దన్నది అత్తమ్మా" అన్నాను.

"నువ్వెక్కడ నమిలినవ్? నేను నూరిన."

నాకూ అది సబబుగానే తోచింది. నమలడం పళ్ల పని, నూరడం మందు పని. ఆ రెండూ ఒకటేనని మా ఇళ్లల్లో పుట్టి పెరిగిన ఎవరికీ తట్టదు. నోరు తెరిచాను. తేనె వెనకాల చేదు తగిలింది.

తర్వాత జరిగింది దాచకుండా చెప్తాను, చదివేవాళ్లకి ఉపయోగం కాబట్టి. కాసేపటికి నొప్పి పోయింది. పక్క గదిలోకి కాదు, ఇంట్లోంచే పోయింది. గంజి వార్చిన రోజు తర్వాత మొదటిసారి నాకు నడుము ఉందన్న సంగతే తెలియలేదు. ఒళ్లంతా వెచ్చగా, ఎవరో పొత్తిళ్లలో చుట్టినట్టు ఉంది. అత్తమ్మ మొహం చూసి నవ్వాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ, "చూసినవా? మెత్తగ నూరితె జల్ది పనిచేస్తది" అంది. నాకు తెలిసింది అంతవరకే.

మిగతాది రమణి చెప్పింది. పెసరకట్టు తెచ్చిందట నాకోసం. "పిన్నిగారూ, సరితగారు లేస్తే పట్టండి" అంటే, "హాయిగ పన్నది, లేపకు" అందట అత్తమ్మ. రమణి ఊరికే తొంగిచూసింది. గురక వస్తోంది, ఆగిపోతోంది, చాలాసేపటికి మళ్లీ వస్తోంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. పిలిస్తే పలకలేదు, గిల్లితే కదల్లేదు. "ఇది నిద్ర కాదండీ పిన్నిగారూ!" అని అరిచి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. ఎక్కేముందు గోలీల అట్ట కూడా చేతిలో పట్టుకుంది. ఆ అట్టా, తేనెలో నూరి ఇచ్చానన్న అత్తమ్మ మాటా కలిపి చూసేసరికి ఎమర్జెన్సీలో వాళ్లకి వెంటనే అర్థమైంది. పూటంతా కొంచెం కొంచెంగా రావలసిన మందు, అదీ రెండు గోలీలది, ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా దిగిపోయింది. ఊపిరి మందగించింది. విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. దాని పని అయిపోతే మళ్లీ ఊపిరి తగ్గుతుందని ఐ.సి.యు.లో పెట్టి, సెలైన్‌లో అదే ఎక్కిస్తూ కనిపెట్టుకుని ఉన్నారు.

కళ్లు తెరిచేసరికి పాత నొప్పంతా ఒక్కపెట్టున వచ్చి మీద కూర్చుంది. బతికానన్న సంతోషం కంటే ఆ నొప్పే ముందు తెలిసింది.

డాక్టరమ్మ వచ్చింది. అత్తమ్మని ఈసారి లోపలికి పిలిచింది. "ఎందుకు నూరావమ్మా?" అని అడిగింది. కోప్పడలేదు. అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది. అన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న నాకు కూడా అది తెలియదు.

"నేను చిన్నపోరిని అప్పుడు. యాభయ్యేండ్లు దాటింది. నార్సింగిల బండలు, పొలాలు తప్ప ఏం లెవ్వు. దవాఖానకు పోవాలంటె ఎడ్లబండి మీద పట్నం పోవాలె. మా అవ్వకు, నన్ను కన్నతల్లికి, కడుపుల గడ్డయింది. ఆమె ఒర్లుతుంటె ఊరంత ఇనొస్తుండె. మా నాయిన జర్రంత నల్లమందు తెచ్చి నాతోని నూరిపిచ్చెటోడు. మెత్తగ నూరు బిడ్డా, జల్ది నూరు, మీ అవ్వకు జల్ది తగ్గుతది అనెటోడు. గది అయిపోయినంక ఇగ ఏం దొరకలె. ఊకె వట్టి కల్వం నూరుకుంట కూసున్న, మా అవ్వకు చప్పుడన్న ఇనిపియ్యాలె అని. గట్లనే పోయింది." ఆమె నా కాళ్ల దగ్గర మంచం కమ్మీ పట్టుకుంది. "ఈ పిల్ల గూడ గట్లనే ఒర్లుతుంటె నా చేతులు ఆగలె డాక్టరమ్మా. నేనే సంపిన అనుకున్న."

డాక్టరమ్మ కుర్చీ జరిపి ఆమెని కూర్చోబెట్టింది. "మెత్తగా నూరితే తొందరగా పనిచేస్తుందన్నావు చూడు, అది నిజమేనమ్మా. ఆ నిజమే ఇక్కడ ప్రమాదం. ఈ గోలీని నెమ్మదిగా పనిచేయాలనే అట్లా తయారు చేశారు" అంది. తర్వాత నావైపు తిరిగి, "నేను నమలకండి, విరవకండి అన్నాను. నూరకండి అనలేదు. ఇక మీదట అందరికీ ఆ మాట కూడా చెప్తాను" అంది. నోటి పూతకి మందు రాసింది. గొంతు మానేదాకా ద్రవం రూపంలో మందు ఇప్పించి, తర్వాత తక్కువ డోసుతో గోలీ మళ్లీ మొదలుపెట్టింది. "మింగలేకపోతే నాకు ఫోన్ చేయండి, దానికి వేరే దారులున్నాయి. ఒక పూట తప్పిపోతే దాన్ని తర్వాతి పూటలో కలపకండి" అని నాకూ, అత్తమ్మకీ, మల్లేష్‌కీ చెప్పింది.

కథ ఇక్కడితో బాగుపడాలి కదా, పడలేదు. ఇంటికి రాగానే మల్లేష్ గోలీలన్నీ తీసుకెళ్లి క్యాబ్ డాష్‌బోర్డులో పెట్టి తాళం వేశాడు. "ఇగ గా పాడు మందు వద్దు, నొప్పికి ఓర్చుకో" అన్నాడు. నొప్పి ఆయనది కాదు గదా, ఓర్పు గురించి బాగానే చెప్పాడు. మర్నాటికి ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు. ఆ తర్వాత కడుపులో మెలిపెట్టి విరేచనాలు, దాని మీద నడుము నొప్పి. పంపకానికి వచ్చిన దాయాదుల్లా అన్నీ ఒకేసారి వచ్చాయి. నేను కాళ్లు కొట్టుకుంటుంటే మల్లేష్ భయంగా చూసి, "చూసినవా, అలవాటైపోయింది నీకు" అన్నాడు. ఆ మాట నొప్పి కంటే గట్టిగా తగిలింది. నాకే అనుమానం వచ్చింది, నేను మత్తుకి బానిసనైపోయానా అని.

ఈసారి కూడా రమణే వచ్చి ఆటో పిలిచింది. డాక్టరమ్మ మల్లేష్‌ని గట్టిగానే చీవాట్లు పెట్టింది. "ఒకసారి మందంతా ఒక్కసారిగా ఇచ్చారు. ఇంకోసారి ఒక్కసారిగా ఆపారు. రెండూ తప్పే. ఆపాల్సి వస్తే మెల్లమెల్లగా మేమే తగ్గిస్తాం. ఇప్పుడు మీరు చూసింది డిపెండెన్స్. ఒళ్లు మందుకి అలవాటు పడటం, ఎవరికైనా జరుగుతుంది. అడిక్షన్ వేరు. నష్టం జరుగుతున్నా, నొప్పి లేకపోయినా, మనసు ఆ మందు వెంటే పరుగెత్తడం."

మల్లేష్‌ని బయటికి వెళ్లమని, ఆమెతో ఒక్కదాన్నే మాట్లాడాను. సిగ్గుగా ఉన్నా అడిగేశాను. "ఆ తేనె చెంచా గుర్తొస్తుంది మేడం. ఆ వెచ్చదనం. మళ్లీ కావాలనిపిస్తుంది. నేను చెడిపోయినట్టేనా?"

"చెప్పావు చూడు, అదే నిన్ను కాపాడుతుంది" అంది ఆమె. "అట్లా అనిపించిందని మందు మానక్కర్లేదు, దాచకూడదు, అంతే. కోరిక ఎక్కువైతే వెంటనే నాకు చెప్పు. గోలీలు నీ చేతిలో ఉండకూడదు. ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర తాళం పెట్టు. టైముకి వాళ్లే తీసి ఇవ్వాలి."

మల్లేష్ పూటకొక షిఫ్టులో ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తమ్మ ఒక్కతే. ఆమె ససేమిరా అంది. హాస్పిటల్ నుంచి వచ్చిన రోజే కల్వాన్ని బోర్లించి మంచం కిందికి తోసేసింది. "నా చేతులు మంచియి కావు. సంపినంత పని చేసిన. నేను ముట్ట" అని పొద్దున్నే బయట అరుగు మీదకి పోయి కూర్చుంది. మల్లేష్ డ్యూటీకి పోతూ పెట్టి వెళ్లిన గోలీల డబ్బా, తాళంచెవి నా ముందున్నాయి. తీసుకుందామంటే నా చెయ్యి నాకే భయం. నొప్పి పెరుగుతోంది. ఆమె అక్కడ కూర్చుని వీధిలోకి చూస్తోంది, నేనిక్కడ కూర్చుని డబ్బా వైపు చూస్తున్నాను.

చివరికి గోడ పట్టుకుని అరుగు దాకా నడిచాను. తాళంచెవి ఆమె ఒళ్లో వేశాను.

"అత్తమ్మా, నీ చేతితోని ఇస్తెనే ఏసుకుంట. లేకుంటె ఇగ ఏసుకోను. మీ అవ్వ లెక్కనే ఒర్లుకుంట ఉంట."

ఆ మాట అనాల్సింది కాదేమో. కానీ అన్నాను. ఆమె తాళంచెవి గుప్పిట్లోకి తీసుకుంది. లేచి చేతులు కడుక్కుంది, రెండుసార్లు. గోలీ ఒకటి అరచేతిలో పెట్టుకుని నీళ్ల గ్లాసుతో వచ్చింది. నేను మింగాను.

"నోరు తెరు" అంది. తెరిచాను. "నాలుక లేపు." లేపాను. "నమలలె గద?"

"నమలలె అత్తమ్మా."

"మింగినవ్ గద, ఇగ ఫికర్ చెయ్యకు. జర ఆలిశమైనా తగ్గుతది" అంది. జల్ది అనే మనిషి నోటి నుంచి ఆలస్యం అనే మాట వచ్చింది. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు మైలోమా అదుపులో ఉంది. నలిగిన పూసలు నలిగే ఉన్నాయి, కాబట్టి నొప్పీ ఉంది, గోలీ ఉంది, డోసు మాత్రం తగ్గింది. పొద్దున పూట కర్రీ పాయింట్‌లో ఎత్తు స్టూలు మీద కూర్చుని పోపులు పెడతాను. గంజి వార్చడం రమణి పని. డోసు మార్చినప్పుడల్లా మొదటి కొన్ని రోజులు పొయ్యి దగ్గరికి పోను, మగత ఉంటుంది కాబట్టి. మిగిలిపోయిన పాత గోలీలు క్లినిక్‌కే తిరిగి ఇచ్చేస్తాం. మొన్న అత్తమ్మ చెల్లెలు వచ్చి, "అక్కా, నా మోకాళ్లు గుంజుతున్నయి, గా గోలి నాకొకటి ఇయ్యరాదె" అంటే, "నీ మోకాళ్ల డాక్టర్‌ను అడుగుపో, ఇది నా కోడలి గోలి" అని తరిమింది. కల్వం మళ్లీ మంచం కింది నుంచి బయటికి వచ్చింది. అందులో ఇప్పుడు రసంలోకి మిరియాలు మాత్రమే నలుగుతాయి.

ఇలాంటి మందు వాడుతున్న వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. గోలీ తెచ్చుకున్న రోజే డాక్టర్‌ని అడగండి, దీన్ని నూరొచ్చా, విరవొచ్చా, మింగలేకపోతే ఏం చేయాలి అని. అడిగేటప్పుడు ఆ గోలీ మీకు ఇంట్లో ఎవరి చేత్తో అందుతుందో, ఆ మనిషిని వరండాలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి.